నాగపూర్‌లో ఆగి రైలెక్కేవాళ్లకు చలికాలం జాగ్రత్తలు

పొగమంచుకు రైళ్లు రద్దవుతున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. సిరోంచ, అహేరి, ఆలపల్లి, బల్లార్షా నుంచి ఉత్తరాది యాత్రలకు బయల్దేరే కుటుంబాలు ఈ నెలల్లోనే ఎక్కువ. పనిలో పనిగా నాగపూర్‌లో ఒకటి రెండు రోజులు ఆగి, తక్కువ ఖర్చులో దీక్షాభూమి, ఫుటాళా చెరువు, సీతాబర్డీ బజారు చూసుకుని రైలెక్కుతారు. స్వెట్టర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. కొంప ముంచేది బోర్డింగ్ స్టేషన్, అంటే మీరు రైలెక్కుతారని టికెట్‌లో రాసి ఉన్న స్టేషన్.

టికెట్ ఎప్పుడో ముందే బల్లార్షా నుంచో మంచిర్యాల నుంచో తీసి ఉంటారు. నాగపూర్ ఆలోచన తర్వాత పుడుతుంది. "రైలు ఎలాగూ నాగపూర్ మీదుగానే పోతుంది, అక్కడెక్కుదాంలే" అనుకుంటారు. బల్లార్షా దాటాక బెర్త్ ఖాళీగా ఉంటే, టికెట్లు చూసే టీటీఈ మీరు రాలేదని నమోదు చేస్తారు. బెర్త్ పూర్తిగా దక్కక ఎదురుచూసే ఆర్‌ఏసీ వాళ్లకు పోతుంది. మూడు గంటల తర్వాత మీరు పిల్లలతో, పెట్టెలతో ఎక్కేసరికి అక్కడ ఇంకొకరు రగ్గు ముసుగేసుకుని పడుకుని ఉంటారు. కన్ఫర్మ్ టికెట్ చూపించి వాదించినా లాభం లేదు.

అందుకే నాగపూర్ అనుకున్న రోజే బోర్డింగ్ మార్చేయండి. చార్ట్ (ప్రయాణికుల తుది జాబితా) తయారయ్యే గడియదాకా ఆగొద్దు. ఆన్‌లైన్ టికెట్ అయితే ఐఆర్‌సీటీసీలో మీరు బుక్ చేసిన టికెట్ తెరిచి మార్చుకోవచ్చు, కౌంటర్ టికెట్ అయితే రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లండి. మార్చాక బల్లార్షాలో ఎక్కే హక్కు ఉండదు, కాబట్టి ఇంట్లో అందరూ ఒక మాట మీదకొచ్చాకే మార్చాలి. ఛార్జీలో తేడా వెనక్కి రాదు.

అదే టికెట్ మీద నాగపూర్‌లో దిగి, మర్నాడు ఇంకో రైలెక్కొచ్చన్నది వట్టిమాట. మధ్యలో ఆగే వెసులుబాటు 500 కిలోమీటర్లు దాటాకే. బల్లార్షా నుంచి నాగపూర్ సుమారు 210. అంతవరకు వేరే టికెట్ కొనాల్సిందే.

బోర్డింగ్ మార్చినప్పుడు తేదీ కూడా మారొచ్చు. బల్లార్షాలో 20వ తేదీ రాత్రి పదిన్నరకు కదిలే రైలు నాగపూర్ చేరేసరికి ఒంటిగంట దాటుతుంది, అంటే 21. తేదీ చూసి 21 రాత్రి తీరిగ్గా వస్తే రైలు వెళ్లిపోయి రోజు గడిచిపోయి ఉంటుంది. 20 రాత్రి అన్నం తిని స్టేషన్‌కు రావాలి. లాడ్జి లెక్క కూడా అలాగే వేసుకోండి.

డిసెంబరులో మహారాష్ట్ర అసెంబ్లీ శీతాకాల సమావేశాలు నాగపూర్‌లోనే జరుగుతాయి, లాడ్జిలు దొరకవు. గది ముందే మాట్లాడుకోండి.

నాగపూర్, అజ్ని, ఇత్వారీ వేర్వేరు స్టేషన్లు. పేరు సరిగ్గా చదవండి.

మంచు కదా, ఎలాగూ లేటే అనుకోవద్దు. దక్షిణం నుంచి వచ్చే రైలు ఇక్కడికి టైముకే రావచ్చు, మంచు పట్టేది పైన ఉత్తరాన. రైల్వే నంబరు 139కి ఫోన్ చేసి కనుక్కోండి.

మూడు గంటలకు మించి లేటై, మీరు ప్రయాణం మానుకుంటే, రైలు కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయండి. కదిలాక డబ్బు మాట మరచిపోండి.

క్లోక్ రూంలో ఇచ్చే పెట్టెకు తాళం వేయాలి.

స్లీపర్‌లో దుప్పటి ఇవ్వరు. మనిషికొక రగ్గు.

ఊరికి దూరంగా ఉన్న రామ్‌టెక్ గుడిని చివరి రోజుకు పెట్టుకోవద్దు.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

బయల్దేరేముందు మళ్లీ పీఎన్‌ఆర్ తెరవండి. బోర్డింగ్ దగ్గర నాగపూర్ అని ఉండాలి. చార్ట్ అయిపోయి ఇంకా బల్లార్షా అనే ఉంటే నాగపూర్‌లో కూర్చోవద్దు. దొరికిన మొదటి రైలో బస్సో పట్టుకుని బల్లార్షా వెళ్లి అక్కడే ఎక్కండి.