కిటికీ వెలుగులో పిల్లల ఫొటో తీసే ముందు జాగ్రత్తలు

గదిలోని ట్యూబ్‌లైట్లను ముందుగా ఆపివేయాలి; రెండు రకాల వెలుగులు కలిస్తే చర్మం రంగు సహజంగా కనిపించదు. నేరుగా ఎండ పడే కిటికీ అయితే పలుచని తెల్ల పంచెను తెరగా కట్టి, బిడ్డను 3 లేదా 4 అడుగుల దూరంలో, వెలుగు ఒక పక్క నుంచి ముఖం మీద పడేటట్లు కూర్చోబెట్టి, రెండో పక్క నీడ మరీ చిక్కగా ఉంటే వెలుగును తిప్పి ముఖం మీదికి పంపేందుకు అక్కడ తెల్లని థర్మకోల్ పలకను నిలబెట్టాలి. పిల్లలు కదలక మానరు కనుక షట్టర్ (కెమెరాలోకి వెలుగును వదిలే తెర) సెకనులో 1/250వ వంతు కన్నా ఎక్కువసేపు తెరుచుకోకుండా చూసుకోవాలి, అందుకోసం ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600 వరకు పెంచడానికైనా వెనుకాడకూడదు. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో వచ్చే కొద్దిపాటి గరుకుదనాన్ని భరించవచ్చు గాని, చెదిరిన కళ్లను తరువాత సరిచేయడం చాలా కష్టం. ఫోకస్ కంటి మీదే ఉండాలి. ఎంత అందంగా కనిపించినా సరే, ఊచలు లేని కిటికీ గట్టు మీద బిడ్డను కూర్చోబెట్టరాదు. ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉన్నప్పుడు బలవంతం చేయరాదు.