58–58 వస్తే ఏం చేయాలి? ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో టై రూల్స్

మా లీగ్‌లో 12 మందిమి ఉన్నాం. భీమవరంలో నలుగురు, పాలకొల్లులో ముగ్గురు, అమలాపురంలో ఇద్దరు, మిగతావాళ్లు హైదరాబాద్‌లో, కువైట్‌లో. ఆడేది ఫాంటసీ ప్రీమియర్ లీగే, అంటే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లతో యాప్‌లో జట్టు కట్టుకుంటే, అసలు మ్యాచుల్లో వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు. కాకపోతే మాది హెడ్ టు హెడ్, అంటే వారానికి ఒకరితో ఒకరికి పోటీ. రెండేళ్ల క్రితం సెమీఫైనల్లో మా బావకీ, పాలకొల్లు తమ్ముడికీ 58–58 వచ్చింది. టై అయితే ఎలా అన్నది మేం ఎక్కడా రాసుకోలేదు. బావేమో బెంచీ పాయింట్లు, అంటే బయట కూర్చోబెట్టినవాళ్ల పాయింట్లు చూడాలన్నాడు, తమ్ముడేమో కెప్టెన్ పాయింట్లు చూడాలన్నాడు, ఎవరికి ఏది కలిసొస్తే వాళ్లకి అదే న్యాయంగా కనిపించింది. ఆ వేసవిలో ఇంట్లో పెళ్లికి వచ్చి కూడా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే తిరిగారు. అందుకే చెప్తున్నా, ఆగస్టులో జట్టు ఎంచుకునే మొదటి డెడ్‌లైన్ రాకముందే రూల్స్ రాసుకోండి. ఆ తర్వాత రాస్తే ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది.

ముందు ఒక సంగతి. ఈ ఆటలో టైలు రావడం మామూలే. పాయింట్లన్నీ పూర్ణాంకాలు: 60 నిమిషాలు ఆడితే 2, ఫార్వర్డ్ గోల్ వేస్తే 4, మిడ్‌ఫీల్డర్‌కి 5, డిఫెండర్‌కి 6, గోల్‌కి పాస్ అందిస్తే (అసిస్ట్) 3, జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే (క్లీన్ షీట్) డిఫెండర్‌కి 4. దానికి తోడు అందరి జట్లలోనూ సగం మంది వాళ్లే, కెప్టెన్ కూడా చాలాసార్లు ఒకడే. అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీలో గజానికి 0.1 చొప్పున దశాంశాలతో లెక్కపెట్టే లీగులుంటాయి, అక్కడ టై అరుదు. మనకి ఆ వీలు లేదు.

మామూలు వారాల్లో టై వస్తే దాన్ని అలాగే వదిలేయండి. గెలిస్తే 3, డ్రా అయితే చెరొకటి, యాప్ ఇచ్చే లెక్క ఇదే. ప్రతి వారం విజేతని తేల్చాలని కూర్చుంటే పని పెరుగుతుంది, గొడవలూ పెరుగుతాయి. పట్టికలో ఇద్దరు సమానంగా నిలిస్తే సీజన్ మొత్తంలో ఎవరి ఫాంటసీ పాయింట్లు ఎక్కువో వాళ్లు పైన. కొందరు వాళ్లిద్దరి మధ్య ఎవరు గెలిచారో చూద్దామంటారు. ఇద్దరైతే సరే, కానీ ముగ్గురు సమానమై, ఒకడు రెండోవాణ్ని, రెండోవాడు మూడోవాణ్ని, మూడోవాడు మొదటివాణ్ని ఓడించి ఉంటే ఇక తెగదు.

నాకౌట్ దగ్గరే అసలు చిక్కంతా. ఫాంటసీ ప్రీమియర్ లీగ్ కప్‌లో వాడే వరుస ఇది: ఆ వారం మీ జట్టు ఆటగాళ్లు ఎక్కువ గోల్స్ వేశారా, అదీ సమానమైతే తక్కువ గోల్స్ ఇచ్చారా, అదీ సమానమైతే బొమ్మా బొరుసూ. మొదటి రెండూ మేం తీసుకున్నాం. కెప్టెన్ వేసిన గోల్‌ని ఒకటిగానే లెక్కపెట్టాలని కూడా రాసుకున్నాం, ఎందుకంటే కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు ఎలాగూ స్కోర్‌లో పడ్డాయి. బొమ్మా బొరుసూ మాత్రం నాకు నచ్చదు. ఆగస్టు నుంచి మే దాకా అర్ధరాత్రుళ్లు మేలుకుని ఆడినవాణ్ని నాణెం మీద ఇంటికి పంపడం నాకు మనసొప్పదు. అందుకే మా లెక్క వేరు. 12 మందిలో ఒక్కొక్కరికి 11 మంది ప్రత్యర్థులు, మూడుసార్లు తిరిగితే 33 వారాలు. 34, 35 వారాలు కలిపి సెమీఫైనల్, 36, 37 కలిపి ఫైనల్, ఈ నాకౌట్ లెక్కంతా యాప్ బయట పుస్తకంలో రాసుకుంటాం. 38వ వారం ఖాళీగా ఉంచుతాం. ఫైనల్ అన్నిటా సమానమైతే ఆ వారం మళ్లీ ఆడాలి, క్రికెట్‌లో రిజర్వ్ డే లాగా.

ఇక బెంచీ పాయింట్లు. దయచేసి వాటిని టై విప్పడానికి వాడకండి. బెంచీ మీద 14 పాయింట్లు మిగిలాయంటే బాగా ఆడినవాణ్ని బయట కూర్చోబెట్టాడని అర్థం. తప్పుగా ఎంచుకున్నవాడికి బహుమతి ఎలా ఇస్తాం? కెప్టెన్ పాయింట్లూ అంతే, ఇద్దరికీ ఒకే కెప్టెన్ ఉంటే అది దేనికీ పనికిరాదు.

అసలు టై అయిందని తొందరపడి ప్రకటించకండి, ఇది చాలా ముఖ్యం. సోమవారం మ్యాచ్ మనకి రాత్రి 12:30కి మొదలవుతుంది, అక్టోబర్ చివర్లో ఇంగ్లండ్‌లో గడియారాలు వెనక్కి తిప్పాక 1:30కి. పోయిన చలికాలం మా భీమవరం అన్నయ్య రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్లు చూసుకుంటూ ఫోన్‌లో ఆ మ్యాచ్ చూశాడు. అయ్యేసరికి 47–47. వెంటనే గ్రూపులో డ్రా అని పెట్టేశాడు. ప్రతి మ్యాచ్‌లో బాగా ఆడిన మొదటి ముగ్గురికి 3, 2, 1 చొప్పున బోనస్ ఇస్తారు. అన్నయ్య జట్టులోని మిడ్‌ఫీల్డర్ ఆ లెక్కలో రెండో స్థానంలో ఉన్నాడు, 2 పాయింట్లు. కాసేపటికి గణాంకాలు సవరించారు, మొదటివాడితో సమానమయ్యాడు. మొదటి స్థానంలో ఇద్దరు సమానమైతే చెరి 3 వస్తాయి, తర్వాతివాడికి 1. అంటే అన్నయ్యకి ఇంకొక పాయింటు, 48–47. తెల్లారి లేచి చూస్తే గెలిచి ఉన్నాడు! అవతలివాడు మాత్రం డ్రా అన్నావు కదా అని చాలా బాధపడ్డాడు, తప్పు లేదు.

బోనస్ ఒక్కటే కాదు, ఆటోమేటిక్ సబ్‌స్టిట్యూషన్లు కూడా వారం చివర్లోనే పడతాయి. మీ ఆటగాడు ఒక్క నిమిషం కూడా ఆడకపోతే బెంచీ నుంచి వరుసలో ఉన్నవాడు వస్తాడు, కెప్టెన్ ఆడకపోతే వైస్ కెప్టెన్‌కి రెట్టింపు. ఉచితంగా ఇచ్చే ఆటగాళ్ల మార్పులు (ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు) దాటి చేసుకున్న ఒక్కో మార్పుకి పోయే 4 పాయింట్లూ తీసేశాకే స్కోర్ చూడాలి. ఈ మైనస్ 4 సంగతి రూల్స్‌లో తప్పక రాయండి, మర్చిపోయేది ఎక్కువగా ఇదే.

డబ్బులు మాత్రం పెట్టకండి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే పందెం కట్టే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. మా దగ్గర ఫైనల్ ఓడినవాళ్లు అందరికీ ఆత్రేయపురం పూతరేకులు తేవాలి, సెమీఫైనల్లో ఓడినవాళ్లు తాపేశ్వరం కాజాలు.

రూల్స్ అన్నీ కలిపి పది లైన్లు దాటవు. వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసి, ప్రతి ఒక్కరి చేతా కింద ఒప్పుకున్నానని రాయించండి. కువైట్‌లో ఉన్నవాడు డ్యూటీ దిగి చూసేదాకా ఆగండి, పన్నెండో జవాబు వచ్చాకే లీగ్‌లో చేరే కోడ్ పంపండి.