తట్టుకునే నేర్పు – 3వ పాఠం: ఒంటికి ఈనాటి తేదీ చెప్పడం

గత పాఠంలో, చిన్ననాటి చేదు అనుభవాల వల్ల ఉలికిపాటు కలిగిన ప్రతిసారీ దానికి ముందు ఏ చప్పుడు విన్నారో, ఏ వాసన తగిలిందో వారం రోజులపాటు రాసిపెట్టుకొమ్మని చెప్పాను. ఈ పాఠానికి ఆ రాతలే పనిముట్లు.

కడపలో ఒక ఇంటిని ఊహించుకుందాం. నలభై ఏళ్ల గృహస్థు పడసాలలో కూర్చొని ఉండగా వీధి తలుపు గడియ చప్పుడవుతుంది. వచ్చినది ట్యూషన్ ముగించుకొన్న కూతురే. అయినా చిన్ననాడు తాగివచ్చిన తండ్రి చేతి దెబ్బలకు ముందు వినిపించిన చప్పుడు అదే కాబట్టి, ఆయన గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది, బిడ్డను అకారణంగా కసురుకుంటాడు. ఇది పిరికితనం కాదు. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగమైన ఎమిగ్డలా, ఆలోచన అందుకొనే లోపలే హెచ్చరిక మోగిస్తుంది. అది ఎన్నడో, ఎక్కడో జరిగిన సంగతి అని గుర్తుచేయవలసిన మరో భాగం, హిప్పోక్యాంపస్, తీవ్రమైన భయంలో ఆ పని సరిగా చేయలేకపోతుంది. అందుచేత తేదీని మనమే చెప్పాలి.

కళ్లు మూసుకొని ధ్యానం చేయమని పలువురు సలహా ఇస్తారు. మొదట్లో అది వద్దని నా అభిప్రాయం, ఎందుకంటే కళ్లు మూయగానే పాత దృశ్యాలు మరింత దగ్గరయ్యేవారు ఉంటారు. కళ్లు తెరిచే ఉంచి, చెప్పులు విడిచి రెండు పాదాలూ నేలకు ఆనించండి. కడప బండ పరిచిన ఇల్లయితే ఆ చల్లదనమే మొదటి ఆధారం; మన జిల్లా రాయి ఇందుకూ పనికివస్తుందన్నమాట. కనిపించే ఐదు వస్తువులను, వినిపించే మూడు చప్పుళ్లను పేరుపేరునా పైకి అనండి. ఆపైన ఇప్పటి సంవత్సరం, మీ వయస్సు, గడియ తీసినది ఎవరు అన్నవి నిదానంగా చెప్పుకోండి. పీల్చిన దానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి.

ఈత వరదలో నేర్చుకోరు. మనసు నెమ్మదిగా ఉన్న వేళనే రోజుకు రెండుసార్లు సాధన చేయండి.

అమెరికాలో ఫెలిటీ, ఆండా బృందం 1998లో ప్రకటించిన అధ్యయనంలో, బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల చేదు అనుభవాలున్న పెద్దలలో, అవేవీ లేనివారితో పోలిస్తే, మద్యపాన వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అది సమూహపు లెక్కే గాని, మీ జాతకం కాదు.

సాధనలో భయం పెరిగితే ఆపివేయండి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్యులు ఉంటారు.

ఈ వారానికి అభ్యాసం: మీ నోటు పుస్తకంలోంచి అన్నింటికంటే తేలికైన ఉలికిపాటును ఒక్కదాన్నే ఎంచుకోండి. బరువైన వాటి జోలికి ఐదవ పాఠం దాకా పోవద్దు.