మౌస్ తీగ పీకేసి ఫారం నింపి చూడండి

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తులు నింపడం అసలు పని, అడిగినవారికి వెబ్ ఫారాలు చేసివ్వడం పక్క సంపాదన. మర్రిగూడ వైపు నుంచి ఒక అన్న వస్తుంటాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి కీళ్లు బిగుసుకుపోయాయి. ఒక్కో కీ నొక్కగలడు కానీ మౌస్ తిప్పలేడు. నేను చేసిన ఫారం ఒకటి ఆయన ముందు తెరిచాను. ట్యాబ్ నొక్కుతూ పేరు, ఊరు, ఫోన్ నంబర్ నింపాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా సబ్మిట్ దగ్గర ఆగలేదు. "తమ్ముడూ, ఇది నాకు అందదా?" అన్నాడు. తెర మీద నీలం రంగులో అంత పెద్దగా కనిపిస్తూనే ఉంది మరి.

తప్పు నాదే. పేజీ కోడ్‌లో బటన్ కోసమే ఉన్న ట్యాగ్ బదులు, డివ్ అనే ఉత్త డబ్బాకు రంగు పూసి, క్లిక్ తగిలించాను. డివ్ దగ్గర ట్యాబ్ ఆగదు. ట్యాబ్ ఎక్కడ ఆగాలో చెప్పే ట్యాబిండెక్స్ సున్నా పెడితే ఆగుతుంది కానీ ఎంటర్‌కూ స్పేస్‌కూ పలకదు. వాటికి విడిగా కోడ్ రాయాలి, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కోసం, ఇది బటన్ అని చెప్పే రోల్ కూడా చేర్చాలి. ఇంత తిప్పలు పడే బదులు బటన్ ట్యాగే వాడండి, అన్నీ దానితోనే వస్తాయి.

మీ ఫారం కూడా పరీక్షించుకోండి. మౌస్ తీగ పీకేయండి. ట్యాబ్‌తో ముందుకు, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కు వెళ్లండి. ఎక్కడున్నారో చూపే గీత చుట్టూ కనిపించాలి. అందం చెడుతుందని ఆ గీతను, అంటే అవుట్‌లైన్‌ను, తీసేసేవారు చాలామంది, ఒకప్పుడు నేనూ తీసేశాను. పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌లో ఫోకస్ విజిబుల్ అనే గుర్తు వాడితే, బటన్‌ను మౌస్‌తో నొక్కినప్పుడు గీత రాదు, కీబోర్డుతో వచ్చినప్పుడు వస్తుంది. చెక్‌బాక్స్‌ను స్పేస్‌తో మార్చాలి. రేడియో బటన్ల గుంపు దగ్గర ట్యాబ్ ఒక్కసారే ఆగుతుంది, లోపల బాణం కీలతో తిరగాలి.

ఎక్కువ చిక్కు మండలాల జాబితాతోనే. విండోస్‌లో క్రోమ్ జాబితా తెరవకుండానే కింది బాణం నొక్కితే ఎంపిక మారిపోతుంది. తెరిచి చూడాలంటే ఆల్ట్‌తో కలిపి నొక్కాలి. మ్యాక్‌లో అదే బాణం జాబితాను తెరుస్తుంది. అందుకే ఎంపిక మారగానే పేజీ మారేలా రాయకండి. మునుగోడు పోవలసిన మనిషిని జాబితాలో మొదట వచ్చే అడవిదేవులపల్లిలోనే దింపేసినట్టు అవుతుంది. పేర్లు ఇంగ్లీషులో ఉంటే ఎమ్, యూ, ఎన్ గబగబా కొడితే నేరుగా మునుగోడు వస్తుంది. అన్నకు ఇది చూపిస్తే సంబరపడ్డాడు. అయితే ఆయన నెమ్మదిగా కొడతాడు. అక్షరాల మధ్య ఎడం ఎక్కువైతే బ్రౌజర్ రెండో అక్షరాన్ని కొత్త వెతుకులాటగా తీసుకుంటుంది. ఆయనకు బాణమే గతి.

సఫారీ సంగతి వేరు. మామూలుగా ట్యాబ్ లింకులను దాటేస్తుంది, సెట్టింగును బట్టి బటన్లు, చెక్‌బాక్సులనూ దాటేస్తుంది. ఆప్షన్ ట్యాబ్ నొక్కండి, లేదా సఫారీ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ట్యాబ్ అన్నిటి మీదా ఆగేలా పెట్టుకోండి. మ్యాక్‌లో ఫైర్‌ఫాక్స్‌కు కూడా ట్యాబ్ ఎక్కడ ఆగాలనే సెట్టింగు ఉంది. ఇది తెలియక మీ కోడ్‌లో ఒకటి, రెండు, మూడు అని ట్యాబిండెక్సులు వేశారో, వరస మొత్తం చెడుతుంది.

పుట్టిన తేదీకి నేను మూడు మామూలు గడులే పెడతాను. బ్రౌజర్ ఇచ్చే తేదీ గడిలో రోజు ముందో, నెల ముందో భాషా సెట్టింగును బట్టి మారుతుంది. పైగా క్యాలెండర్ తెరుచుకుంటే బయటపడేందుకు ఎస్కేప్ ఒకటుందని అందరికీ తెలియదు.

అన్న మొన్న మళ్లీ వచ్చాడు. సబ్మిట్ దాకా తానే వెళ్లాడు. ఫారం పైన నేను పెట్టిన పన్నెండు మెనూ లింకులను మాత్రం తిట్టుకున్నాడు, ప్రతిసారీ పన్నెండు ట్యాబులు కొట్టాలి కదా. నేరుగా ఫారానికి దూకే లింకు ఒకటి పేజీ మొదట్లోనే పెట్టాను. ఇప్పుడు ఒక ట్యాబ్, ఒక ఎంటర్.