అద్దె ఇంటి ఏసీ: గ్యాస్ నింపించే ముందు లీకు చూపించమనండి

"అంకుల్, గాలి వస్తోంది గానీ చల్లగా లేదు." మా పై పోర్షన్‌లో అద్దెకున్న అమ్మాయి నుంచి రెండు వేసవుల్లో మూడుసార్లు ఈ ఫోనే వచ్చింది. మూడుసార్లూ మెకానిక్ వచ్చి, "గ్యాస్ అయిపోయిందండీ" అని నింపి వెళ్లాడు. నాలుగోసారి వచ్చిన కుర్రాడు సిలిండర్ పైకి తేకుండా ముందు గిన్నెడు సబ్బునీళ్లు అడిగాడు. బయట యూనిట్ దగ్గర రాగి గొట్టం బిగించే నట్టు మీద స్పాంజితో నురగ రాసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. మళ్లీ అక్కడే లేచింది. నేను మూడుసార్లు కట్టిన డబ్బు పోయింది ఆ సందులోంచే.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అందుకని ఇప్పుడు నేను అడిగే వరస ఇది: ముందు లీకు ఎక్కడో చూపించాలి, దాన్ని సరిచేయాలి, నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలబడుతోందో లేదో చూడాలి, వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్. అదీ యూనిట్ ప్లేటు మీద ఎన్ని గ్రాములని రాసి ఉంటే అన్ని, కాటా మీద సిలిండర్ పెట్టి. ఆ పై పోర్షన్ ఏసీకి గొట్టం చివర కోసి కొత్తగా ఫ్లేర్ చేసి (అంచును గరాటులా విప్పి) బిగించాక నాలుగు వేసవులు గడిచాయి, గ్యాస్ ముట్టుకోలేదు.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) మీద ఐసు పేరుకుంటే ముందు ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము దుప్పటిలా పట్టి గాలి ఆడకపోయినా ఐసు కడుతుంది. తాళాలు ఇచ్చే రోజే అద్దెకు వచ్చినవాళ్ల చేత ఒకసారి ఫిల్టర్ తీయిస్తాను: స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, జాలీ లాగి, కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేయడం. వాడకం ఎక్కువున్న రోజుల్లో రెండు వారాలకోసారి చాలు. మాటలతో చెబితే మరిచిపోతారు, చేత్తో చేస్తే గుర్తుంటుంది.

లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారితే చాలావరకు డ్రెయిన్ పైపులో పాచి అడ్డం పడ్డట్టే. మా ఇంట్లో ఒకసారి ఆ నీళ్లు నేరుగా మంచం మీద పడి, ఆ పిల్ల పరీక్ష పుస్తకాలు తడిసిపోయాయి. నాకు ఇప్పటికీ బాధే. పైపు వాలుగా ఉందా, చివర బకెట్ నీళ్లలో మునిగి ఉందా చూడండి. మునిగితే గాలి అడ్డుపడి నీరు వెనక్కి నిలుస్తుంది.

ఎవరి ఖర్చు ఏదో అగ్రిమెంటులోనే రాయండి. మా దగ్గర ఫిల్టర్, రిమోట్ అద్దెకున్నవాళ్లవి. సర్వీసు, గ్యాస్, విడిభాగాలు నావి. అల్మారా తలుపు లోపల ఒక కాగితం అంటించి మోడల్, బిగించిన సంవత్సరం, గ్యాస్ రకం, ప్రతి రిపేరు తేదీ రాస్తాను. మెకానిక్ మారినా ఆ కాగితం ఉంటుంది.

ఇక మార్చడం. బయట ఫ్యాన్ తిరగకుండా మూలుగుతుంటే చాలాసార్లు పోయేది కెపాసిటర్. మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం. అది చూడకుండా "కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే యంత్రం) పోయింది" అంటే ఒప్పుకోకండి. (కరెంటు ఆపినా అందులో చార్జ్ నిలిచి ఉంటుంది, మీరు చెయ్యి పెట్టొద్దు.) పదేళ్లు దాటిన యూనిట్‌కి నిజంగానే కంప్రెసర్ పోయినా, కాయిల్ రెండు మూడు చోట్ల కారుతున్నా నేను మార్చేస్తాను. ఆర్-22 గ్యాస్‌ది అయితే ఇంకా ఆలోచించను. ఓజోన్‌ను దెబ్బతీస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ప్రపంచమంతా తగ్గించుకుంటూ వస్తున్నారు. ఆర్-22 యూనిట్‌లో ఆర్-32 అనే కొత్త రకం గ్యాస్ నింపుతామంటే అసలు ఒప్పుకోవద్దు. ఆర్-32 ప్రెషర్ చాలా ఎక్కువ, పైగా అంటుకునే గుణం ఉంది. పాత రాగి గొట్టాలు కూడా ఉంచను, వాటిలో మిగిలిన పాత నూనె కొత్త కంప్రెసర్‌కి పడదు.

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలమానం) వేడిని బయటికి తోడటం. గది కొలత ఒక్కటే చూసి టన్నులు తేల్చకండి, పై అంతస్తా, పడమటి గోడా అన్నదీ లెక్కలోకి తీసుకోండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే ఏసీ మార్చే పని పెట్టుకోండి. బయట యూనిట్‌ను మాత్రం మనిషి రెండు కాళ్లూ ఆనించి నిలబడి పని చేసుకోగల చోటే బిగించండి. సన్‌షేడ్ అంచున వేలాడుతూ నట్టు బిగించే కుర్రాడు సబ్బునీళ్లు రాసి బుడగ కోసం చూస్తూ కూర్చోలేడు.