ఆకు సారం పరీక్ష, 4వ పాఠం: ఆ జోన్ ఎవరి పుణ్యం?

ఈసారి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు) మొదలుపెడదామనుకున్నాను. బ్యాక్టీరియా పూసిన అగార్ జెల్లీలో గుంటలు (వెల్‌లు) చేసి, సారాలు పోసిన మీ ప్లేట్ల ఫొటోలు చూశాక మానుకున్నాను. వేప, తులసి, కరక్కాయ, ఆఖరికి కొత్తిమీర కూడా! అన్నిటి చుట్టూ గుండ్రంగా జోనే, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం.

ఒక ఫొటోలో గుట్టు బయటపడింది. నాలుగో వెల్‌లో ఆకే లేదు, ఉత్త మెథనాల్. దానికీ 14 మి.మీ. జోన్. పంపినవారు "ఏదో పొరపాటు" అని రాశారు. నన్నడిగితే ఆ ప్లేట్‌లో నిజం చెప్పింది అదొక్కటే.

ఆకులోంచి సారం లాగడం వరకే మెథనాల్ పని. అది వెల్‌లోకి వెళ్తే బ్యాక్టీరియాని చంపేది మీ వేపా, మెథనాలా? తేలదు. అందుకని ఖాళీ సీసా తూచండి. సారం పోసి ఆరబెట్టి, మళ్లీ తూచండి. గంట తేడాతో రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆరనట్టే. నేనైతే వెడల్పాటి గాజు పళ్లెంలో పోసి, రాత్రంతా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లని బయటికి లాగేసే ల్యాబ్ అరలో) వదిలేస్తాను. ఆరిందా లేదా అని వాసన చూడకండి, మెథనాల్ విషం.

ఎండిన సారం 20 మి.గ్రా. తీసుకుని 0.1 మి.లీ. డీఎంఎస్ఓలో (సారాన్ని కరిగించే ద్రవం, అంటే సాల్వెంట్) కరిగించి, స్టెరైల్ నీళ్లతో 1 మి.లీ. చెయ్యండి. ఇప్పుడు కంట్రోల్‌లో, అంటే పోల్చి చూసుకునే వెల్‌లో, ఏం పొయ్యాలి? నీళ్లు కాదు. నీళ్లు కాదు! అదే 10 శాతం డీఎంఎస్ఓ, సారం ఎంత పోశారో అంతే. సారంలో ఉన్నవన్నీ అందులోనూ ఉండాలి, ఆకు ఒక్కటి తప్ప.

ఇంకో మాట. కరక్కాయకి 18, వేపకి 11 వస్తే కరక్కాయ గొప్పదని రాసెయ్యకండి. కరక్కాయలోని టానిన్లు నీళ్లలో కరుగుతాయి, అగార్‌లో సులువుగా పాకుతాయి. వేపలోని జిడ్డు పదార్థాలు వెల్ దగ్గరే చతికిలబడతాయి. జోన్ వెడల్పులో పాకే గుణం కూడా కలిసి ఉంటుంది. ఎంఐసీ కావాల్సింది అందుకే.

స్వాబ్ చెయ్యడం (ప్లేట్ మీద బ్యాక్టీరియా పూయడం), 0.5 మెక్‌ఫార్లాండ్ (బ్యాక్టీరియా ద్రవం ఎంత మసకగా ఉండాలో చెప్పే కొలత) కలపడం మీకు తెలిసినవే.

అభ్యాసం: ఒకే ఆకు, రోజుకి 3 ప్లేట్లు, 3 రోజులు. ప్రతి ప్లేట్‌లో సాల్వెంట్ వెల్ (ఆ 10 శాతం డీఎంఎస్ఓ కంట్రోల్), జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్ ఉండాలి. ల్యాబ్‌లోనే చెయ్యండి, వంటింట్లో స్టాఫ్ (స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా) పెంచకండి. కొలిచాక ప్లేట్లు 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం). సాల్వెంట్ వెల్‌కి జోన్ వస్తే ఆ రోజు లెక్క మొత్తం కొట్టేసి, నాలుగో రోజు చెయ్యండి. సాల్వెంట్ వెల్ కనపడని ఫొటో మాత్రం నాకు పంపకండి.