భూతాపం అబద్ధమనే మగవాడితో ఎలా మాట్లాడాలి

"భూమి వేడెక్కడం లేదు, అంతా పిరికివాళ్ల గోల." ఈ మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది సైన్సుది, రెండోది పౌరుషానిది. మొదటిదానికే జవాబు చెప్పి ఊరుకుంటే ఆయన మరింత బిగుసుకుంటాడు.

అమెరికాలో గాలప్ సంస్థ చేసిన ప్రజాభిప్రాయ సర్వేలను పరిశీలించి, ఇలా కొట్టిపారేసేది ఎవరిలో ఎక్కువో సామాజిక శాస్త్రవేత్తలు ఆరన్ మెక్‌క్రైట్, రైలీ డన్‌లప్ 2011లో చూపించారు. భూతాపం ప్రభావాలు ఎన్నటికీ కనిపించవన్నవాళ్లు సంప్రదాయవాద శ్వేతజాతి మగవాళ్లలో 29.6 శాతం, మిగతా పెద్దలందరిలో 7.4 శాతం. పైగా ఆ మగవాళ్లలో "నాకిది బాగా తెలుసు" అన్నవాళ్లే ఎక్కువగా కొట్టిపారేశారు. కాబట్టి చదవమని వ్యాసాల మీద వ్యాసాలు పంపడం దండగ.

ముందు చోటు చూసుకోండి. నలుగురిలో ఈ మాట ఎత్తొద్దు. అక్కడ అభిప్రాయం మార్చుకోవడమంటే ఓడిపోవడమే. ఏదైనా పని చేస్తూ పక్కపక్కనే ఉన్నప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

"మనుషుల వల్లే వేడి పెరుగుతోందని సున్నా నుంచి పది వరకు ఎంత నమ్ముతారు?" అని అడగండి. రెండు అన్నాడనుకోండి, "పది ఎందుకు కాదు?" అనొద్దు. అలా అడిగితే తన వాదనకు తనే బలం కూడగట్టుకుంటాడు. "సున్నా ఎందుకు అనలేదు?" అని అడగండి. అప్పుడు నమ్మడానికి కారణాలు ఆయన నోటి నుంచే వస్తాయి. సున్నా అంటే వాదించకండి. "ఏం చూస్తే ఒకటికి వస్తారు?" అని అడిగి, చెప్పింది వినండి. కొందరిలో అసలు భయం బయటపడేది ఇక్కడే: పని పోతుందని, బండి వదులుకోమంటారని, ఎవరో తన మీద పెత్తనం చేస్తారని. ఆ భయాన్ని తేలిక చేయకండి.

ఆ తర్వాత ఒక్క రుజువు చాలు. "అంతా సూర్యుడి వల్లే" అంటే ఈ వరసలో చెప్పండి. మొదట నిజం: కింది వాతావరణం వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. తర్వాత ఆయన మాట ఒక్కసారే: కారణం సూర్యుడైతే రెండూ వేడెక్కాలి కదా. చివరికి మళ్లీ నిజం: దుప్పటి కప్పుకుంటే వేడి లోపల నిలుస్తుంది, ఆ దుప్పటి ఇక్కడ కార్బన్ డయాక్సైడ్. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో అది 280 పీపీఎం (పది లక్షల అణువుల్లో 280) ఉండేది, ఇప్పుడు 420 దాటింది. తప్పుడు మాటను పదేపదే ఎత్తితే గుర్తుండేది అదే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది వెక్కిరింపు దగ్గర. పర్యావరణానికి మేలు చేసే వస్తువులను జనం ఆడతనంతో ముడిపెడతారనీ, మగతనానికి ఢోకా లేదనిపించినప్పుడు మగవాళ్లు వాటిని మరింత సులువుగా ఒప్పుకుంటారనీ 2016లో ఆరన్ బ్రఫ్, సహ పరిశోధకులు చూపించారు. పెద్ద బండి చూసి హేళన చేస్తే మరింత పొగ వదలాలనే పంతం పుడుతుంది. డీజిల్ ట్రక్కుల ఇంజిన్లు మార్పించి, కావాలని నల్లపొగ చిమ్మేవాళ్లు అమెరికాలో ఉన్నారు. చమురుకూ పెత్తనం చేసే మగతనానికీ మధ్య ఉన్న ఈ బంధాన్ని 2018లో రాజనీతి శాస్త్రవేత్త కారా డాగెట్ "పెట్రో మగతనం" అన్నారు. "మగాడివైతే సోలార్ పెట్టు" అని రెచ్చగొట్టడమూ మాకు నచ్చదు. పని ఇవాళ జరగొచ్చు, కానీ మగతనాన్ని కొలిచే కొలబద్ద పాతదే మిగులుతుంది.

మోసాన్ని సహించని మనిషైతే అమెరికా చమురు సంస్థ ఎక్సాన్ సంగతి చెప్పండి. 1977లోనే సొంత శాస్త్రవేత్త భూతాపం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించాడు. ఆ సంస్థ శాస్త్రవేత్తల అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. "మీరు మోసపోయారు" అనొద్దు, "వాళ్లకు తెలిసి కూడా జనంలో అనుమానాలు పెంచారు" అనండి. కోపం మీ మీద నుంచి అటు మళ్లుతుంది.

పావుగంటకు మించొద్దు. "చూద్దాంలే" అంటే అక్కడితో ఆపి, మళ్లీ కలిసినప్పుడు ఆ అంకె దగ్గరే మొదలుపెట్టండి.